ఫైల్లో లేని వాక్యం

"లైటన్న బంద్ చెయ్యవే, పిల్ల పండుకోవద్దా?" అత్త రాజేశ్వరమ్మ అప్పటికి మూడోసారి అరిచింది.

"గీ ఒక్కటి పొద్దుగాల పంపాలె అత్తమ్మా."

కృష్ణకుమారి లిఫ్టుల కంపెనీకి సాంకేతిక పత్రాలు తయారుచేస్తుంది. మామూలు ఫైల్లో ఆమె రాసిందాన్నే కంప్యూటర్లోని ప్రోగ్రాము పత్రంగా మారుస్తుంది. రాయనిది రాదు.

ఈసారి వచ్చింది. "నాలుగో అంతస్తులో పిల్లలను లిఫ్టు ఎక్కించరాదు."

ఫైలంతా వెతికింది. ఆ వాక్యం లేదు. పత్రాన్ని మళ్లీ తయారుచేసింది.

"నాలుగో అంతస్తులో ఏడేళ్ల పాపను లిఫ్టు ఎక్కించరాదు."

మన్సూరాబాద్‌లో వాళ్లుండే అపార్ట్‌మెంటుకూ ఆ కంపెనీ లిఫ్టే. వాళ్లది నాలుగో అంతస్తు. కూతురు మేఘనకు మొన్ననే ఏడు నిండాయి.

బయట ఎవరూ పిలవని లిఫ్టు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎంతసేపటికీ మూసుకున్న చప్పుడు రాలేదు.

ఆమె భర్తనూ అత్తనూ పాపనూ లేపింది.

"రేపటి సంది మనందరం మెట్లే దిగుదాం," అంది మెల్లగా. "అత్తమ్మా, నిన్ను నేను పట్టుకుంట."