శివమ్మ తలుపు

“ఈ దరఖాస్తు మీద సంతకం పెట్టను. అనుమతి అడిగితే తాళం వాళ్లదేనని ఒప్పుకున్నట్టు. పగలగొడుదం,” అన్నది అమల.

“నీకేంది! తాళం పగలగొడితే మా నాయన రేపే వచ్చి నన్ను ఊరికి తీస్కపోతడు. సాయంత్రం తార్నాకల ట్యూషన్ చెప్తేనే నా చదువు సాగుతది. గేటు తొమ్మిదిదాక తెరవమని అడుగుదం,” అన్నది నిరోష.

విశ్వవిద్యాలయపు మహిళా వసతిగృహ ద్వారం ఏడింటికే మూయవలసినది. ఆ ద్వారం వద్దనే వాదిస్తుండగా ఏడున్నర దాటినది. చట్టాన్ని సమానహక్కు అడిగే ఉదారవాద స్త్రీవాదం నిరోషది. ఏ అధికారాన్నీ అంగీకరించని అరాజకవాద స్త్రీవాదం అమలది. వాదం తెగలేదు.

తాళంచెవి పట్టుకొని నిలుచున్న ఆయా శివమ్మ నవ్వినది.

“తొమ్మిదైతే నేను లాలాపేట్‌ల మా ఇంటికి ఎప్పుడు పోవాలె బిడ్డా? మా ఆయన ఎనిమిదింటికే గడియ పెడతడు. మొన్న అరుగు మీదనే పండుకున్న. దానికి ఏ సార్‌కు దరఖాస్తు రాస్తవ్ నిరోషమ్మా? గడియ పగలగొడితే తెల్లారి నేనేడ ఉండాలె అమలమ్మా?”

ఇద్దరూ గడియారం వైపు చూశారు.

ఎన్నడూ గేటు రిజిస్టరు ముట్టని అమల దానిని తెరచి, బయటికి వెళ్లు కారణమన్న గడిలో ‘శివమ్మను ఇంట్లోకి పంపుటకు’ అని వ్రాసి సంతకం చేసినది. ఎన్నడూ వేళ మీరని నిరోష అప్పటికే గేటు దాటినది.

శివమ్మ బయటినుండి తాళం వేసి, తాళంచెవిని రోజూలాగే కటకటాల సందులోంచి వార్డెన్ పెట్టెలో వేసి, కంగారుగా అడిగినది: “మల్ల మీరు లోపలికెట్ల వస్తరు?”

“నువ్వు లోపలికి పోయినంక చూద్దం శివమ్మక్కా. నడువు,” అన్నది నిరోష.