పన్నెండో రేకు

యంత్రాలు రాసే ప్రోగ్రాములు కోట్ల వరసలు దాటాక వాటిని కళ్లతో చదవడం ఎవరి తరమూ కాలేదు. అందుకని ఆ రాతలో ఏ భాగం దేన్ని పిలుస్తుందో చూసి, దాన్నంతా లేసుగా అల్లిపెట్టే యంత్రాలొచ్చాయి. తప్పులు తడిమి పట్టుకునే పని నరసాపురం లేసు ఆడవాళ్లకు దక్కింది.

ఆ ఉదయం సువార్తమ్మ ఒళ్లో ఉన్నది ఎగువన కట్టిన కొత్త ఆనకట్ట ప్రోగ్రాము. నడిమి పువ్వు దగ్గర ఆమె వేళ్లు ఆగాయి.

"పన్నెండో రేకు ఆనుకుంది గానీ ముడి పడలేదమ్మాయ్."

పక్కనే కూర్చున్న ఇంజనీరు హెప్సిబా గబుక్కున ముందుకు వంగింది. "నీళ్లు పెరిగితే ఆ పువ్వు నడిమి బొడ్డే పన్నెండు గేట్లకీ కబురు చెప్పాలండి. ముడి లేకపోతే పన్నెండో గేటు తెరుచుకోదు. ఎల్లుండి వరదంటున్నారు."

"ఈ పువ్వు నాకు మా అమ్మ నేర్పింది. ఈ అల్లే యంత్రానికెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండి. ఒకరు చెబితే పదిమంది వినే ఏర్పాటు ఏ ప్రోగ్రాములో ఉన్నా, అల్లితే ఇలాగే పూస్తుంది."

సువార్తమ్మ సూదితో రేకును బొడ్డుకు కలిపింది. కుట్టు మారితే రాతా మారుతుంది. హెప్సిబా పరీక్ష మీట నొక్కగానే గోడమీది తెరలో, ఎక్కడో దూరాన, తాటిచెట్టంత పన్నెండో ఇనప గేటు మెల్లగా పైకి లేచింది.

ఒళ్లో లేసు కదిలితే అక్కడ గేటూ కదులుతుందేమోనని సువార్తమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుండిపోయింది.