నీటివైపు వాలిన గోడ

డ్యాం కడుపులోని సొరంగంలో రాత్రి కాపలాదారుకి తన అడుగుల చప్పుడే తోడు. గోడ పైనుంచి వేలాడే తూకపు గుండు మీద టార్చి వేశాడు. నిండు జలాశయం తోస్తుంటే గోడ దిగువకి ఒరగాలి. గుండు మాత్రం కింది కొలబద్ద మీద రెండు గీతలు నీటివైపు జరిగింది, అటునుంచి ఎవరో లాగుతున్నట్టు. గోడ కిందే క్వార్టర్సు. అక్కడ నెలలు నిండిన భార్య ఒంటరిగా పడుకుంది.

వెంటనే ఇంజనీరమ్మకి ఫోన్ చేశాడు.

"గోడకేం కాలేదు బాబాయ్," ఆవలించిందామె. "నీళ్ల బరువుకి కింద రాతిపెంకే నవారు మంచంలా కుంగింది. దాని అడుగున, మైళ్ల లోతున వేడి రాయి మెత్తగా పక్కకి తప్పుకుంటుంది. నేల అటు వాలితే గోడా అటే వాలుతుంది. మేం లెక్కేసుకున్నదే. నాలుగు గీతలు దాటితే అప్పుడు లేపు."

ప్రాణం లేచొచ్చింది. డ్యూటీ దిగి, చీకటుండగానే ఇల్లు చేరి, మంచం అంచున కూర్చుని కిసుక్కున నవ్వాడు.

"ఏంటంత నవ్వు?" అంది భార్య కళ్లు మూసుకునే.

"ఏం లేదే. బరువు మొయ్యలేక భూమి కాస్త ఒత్తిగిలిందట."

"హమ్మయ్య! ఇందాక మంచం కింద ఒత్తిగిలింది అదా? దొంగేమోనని హడలి చచ్చాను," అని గోడవైపు తిరిగి హాయిగా నిద్రపోయింది.

అతను మాత్రం నేలమీదున్న కాళ్లని మెల్లగా మంచం పైకి లాక్కున్నాడు.