పేషెంటుతో వచ్చినవాళ్లు

"మీతో ఎవరొచ్చారండీ?" నర్సు పెన్ను పట్టుకుని మళ్లీ అడిగింది.

"ఎవరూ రాలేదమ్మా," అంది రత్నమాణిక్యం.

రామచంద్రపురంలో ఆవిడది స్టీలు సామాన్ల కొట్టు. పదిరోజుల క్రితం పై అరలోంచి గుండిగ జారి నెత్తిమీద పడింది. తలకి తువ్వాలు చుట్టుకుని, షట్టరు దించి, ఒక్కతే బస్సెక్కి రాజమండ్రిలో ఈ ఆస్పత్రికి వచ్చింది. ఇవాళ చూపించుకోవడానికీ ఒక్కతే వచ్చింది.

డాక్టర్ హారతి స్కాన్ చూసి, "లోపల వాపు బాగా తగ్గిందండీ," అంది.

"ఎలా తగ్గిందండీ? ముప్ఫై రెండేళ్లకే గర్భసంచి, అండాశయాలు అన్నీ తీసేశారు. ఆడహార్మోను లేని ఒళ్లు దెబ్బకి తట్టుకోదని మా ఆడపడుచు అప్పుడే తేల్చేసింది. ఇంక నాలో ఏం మిగిలిందండీ?"

"మందులు పనిచేశాయండీ. కానీ ఆ ఆడహార్మోనుని, ఈస్ట్రోజన్‌ని, మెదడు కూడా సొంతంగా చేసుకుంటుంది. దెబ్బ తగిలితే ఆ చుట్టుపక్కల కణాలు ఇంకా ఎక్కువ చేసి కాపు కాస్తాయి. జంతువుల్లో చూశారు. మనుషుల్లో ఎంతవరకో ఇంకా చూస్తున్నారు."

"ఎవరూ అడక్కుండానేనా?"

"ఎవరూ అడక్కుండానే."

బయట బెంచీల మీద పేషెంట్లకి వాళ్లవాళ్లు ఫ్లాస్కుల్లోంచి కాఫీ పోసిస్తున్నారు. రత్నమాణిక్యం ఖాళీగా ఉన్న చివరి బెంచీ మీద కూర్చుంది. చెయ్యెత్తి తలకున్న కట్టు మీద ఆనించింది. పదిరోజులుగా కునుకు లేకుండా మంచం పక్కనే కూర్చున్న మనిషిని నిమిరినట్టు మెల్లగా నిమిరింది.

"ఇంక నువ్వూ కాస్త నడుం వాల్చవే," అంది.