సీసాలో రాళ్లు

కుడి డొక్కలో నొప్పని నేను అరిచినప్పుడల్లా, "నాటకాలాడద్దు," అనేవాడు నా మొగుడు ఎర్రిస్వామి. ఒకనాడు కొడవలి కాల్చి నా కడుపు మీద వాత కూడా పెట్టినాడు. ఆఖరికి మా అన్న వచ్చి, నన్ను బండిలో వేసుకొని బళ్లారి పెద్దాసుపత్రికి పిల్చుకపోయినాడు. డాక్టరు ఫోటో తీయించి, పిత్తం తిత్తిలో రాళ్లుండాయని చెప్పి, కడుపు కోసి తీసినాడు. ఆ రాళ్లను ఒక సీసాలో వేసి, మూత బిగించి నా చేతికిచ్చినాడు.

ఇంటికొచ్చి ఆ సీసా నా మొగుని ముందర పెట్టినా.

"యాడనో వంకలో ఏరుకొచ్చినావు," అని నవ్వినాడు.

నిన్న రాత్రి కంబదూరు అవతల మా చేన్లో, శెనక్కాయల కుప్పకాడ మేమిద్దరమే కావలి పండుకున్నాము. సీసా నా తలాపునే ఉండాది. చలికి వేసిన మంట ఆరిపోయి, నిప్పులు మాత్రం ఎర్రగా ఉండాయి. గాలి లేదు. యాడా కుక్క అరుపు కూడా లేదు.

గలగలమని రాళ్ల చప్పుడైంది.

సీసా తీసుకొని చెవి దగ్గర ఊపినా. ఏ చప్పుడూ రాలేదు. నిప్పుల వెలుగులో చూస్తే, మూత బిగించింది బిగించినట్లే ఉండాది. లోపల ఒక్క రాయీ లేదు.

నా మొగుడు నిద్రలో పక్కకు పొర్లినాడు. మళ్లా గలగలమనింది. ఈతూరి వాని కడుపులోంచి.

కుడి డొక్క పట్టుకొని వాడు లేచి కూర్చున్నాడు. "ఏమే చౌడమ్మా, సచ్చిపోతాండా!"

నేను సీసా పక్కన పెట్టి, కొడవలి తీసి నిప్పుల్లోకి తోసినా.

"నాటకాలాడద్దు," అన్నా. "అంగీ పైకెత్తు."