ఆ తలుపులు చిన్నవి చెయ్యకండి

1996 జూలైలో రెండో శనివారం. నిప్పుల మీద కాల్చిన కోడి, ఉప్పునీళ్ళలో ఉడికిన చిన్న బంగాళాదుంపలు, మొక్కజొన్న కండెలు.

భార్య పోయాక ఆల్డెన్ ప్రూట్ మాస్టారు నలుగురి మధ్య కూర్చుని తిన్న మొదటి భోజనం అది. హార్లో మిల్స్ ఊళ్ళో ఫైర్ దళం వాళ్ళు ఏటా పెట్టే విందు.

ఎదురుగా ఎవరో పొరుగూరి ముసలాయన. అడక్కుండానే వెన్నగిన్నె ఇటు జరిపి, ఆల్డెన్ పక్కనున్న నోటుపుస్తకం వైపు చూశాడు.

"ఏదో రాస్తున్నారే?"

"మా ఊరి మొదటి పెట్రోలు ఫైరింజను చరిత్ర. క్లారా అని పిలిచేవారు. గుర్రాల్లేకుండా పరిగెడుతుంటే జనం నోళ్ళు వెళ్ళబెట్టారట."

"ఇప్పుడెక్కడుంది?"

దళం చీఫ్ డెల్ కోవర్ట్ అందుకున్నాడు.

"ఇంకెక్కడ! రెండో ప్రపంచయుద్ధానికి ఇనుము కావాలంటే మావాళ్ళు ఇచ్చేశారు. పాత ఇనుము కొనే స్లోకమ్‌గాడు ముక్కలు చేశాడు. గుర్తుగా గంటైనా ఇవ్వరా అని మా తాత బతిమాలితే, ఊడదియ్యను పొమ్మన్నాడట. వాడి చేతులు పడిపోను!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ముసలాయన కండె తిప్పి తింటూ కూర్చున్నాడు.

"ఆ పాత ఫైరింజను షెడ్డు పెద్ద తలుపులు తీసేస్తారటగా?" అన్నాడు కాసేపటికి.

"చలిగాలి కొడుతోంది. గోడ కట్టి, మనిషి పట్టేంత తలుపు పెడతారు," అన్నాడు ఆల్డెన్.

"చిన్నవి చెయ్యకండి."

"ఎందుకని?"

"చెయ్యకండి బాబూ."

ముసలాయన మరుసటేడూ వచ్చాడు. తిన్నాక ఆ తలుపుల ముందు నిలబడి, చేతులు బారచాపి వెడల్పు కొలుచుకున్నాడు.

"తలుపుల తాతొచ్చాడు! జాగ్రత్త, ఊడబెరుక్కుపోతాడు!" అన్నాడు డెల్.

ఆ శీతాకాలం ఊరి సభలో ఆల్డెన్ లేచి గోడ వద్దన్నాడు.

"కారణం చెప్పండి మాస్టారూ."

"ఒక పెద్దాయన అడిగాడు. కారణం నాకూ తెలీదు."

నవ్వారు. అయినా మాస్టారి మాట కదా అని ఇంకో ఏడాది ఆగారు.

ఈసారి విందుకి ముసలాయన రాలేదు. ఆల్డెన్ వెన్నగిన్నె ఎదుటి ఖాళీ కుర్చీ వైపు జరిపి, తనలో తనే నవ్వుకున్నాడు.

అప్పుడు వినిపించింది, కొండ మలుపులో గంట.

ఎర్రగా, ఇత్తడి తళతళలతో, దడదడమంటూ ఒక బండి దిగి వస్తోంది. పక్కన బంగారు రంగు అక్షరాలు: హార్లో మిల్స్.

"క్లారా!" ఎవరో కేక పెట్టారు.

తింటున్న వాళ్ళు తింటున్నట్టే లేచి పరిగెత్తారు. డెల్ కొత్త బండ్ల సైరన్లన్నీ మోగించాడు. నడుపుతున్న నడివయసు స్త్రీ ఇంజను ఆపకుండానే అరిచింది.

"తలుపులున్నాయా?"

"ఉన్నాయమ్మా!" ఆల్డెన్ పరిగెత్తి వాటిని బార్లా తెరిచాడు.

అటు జానెడు, ఇటు జానెడు వదిలి క్లారా తన ఇంట్లోకి వెళ్ళింది. జనం అరిచిన అరుపులకి పావురాలు లేచిపోయాయి.

"ముక్కలు చేశారన్నారే! ఎలా బతికిందమ్మా?" డెల్ కళ్ళు తుడుచుకున్నాడు.

"దీని బరువుకి సరిపడా మా నాన్న తన ట్రాక్టరు కోసి యుద్ధానికి పంపాడు. అప్పటికే దీని ఇంజను పగిలిపోయి ఉంది. పరిగెత్తిన బండి పరిగెత్తుకుంటూనే ఇంటికి రావాలనేవాడు. సామాను ఏరుకుని బాగుచేసేసరికి జీవితం సరిపోయింది. మొన్న మార్చిలో పోయాడు. తలుపుల సంగతి మాత్రం రోజూ చెప్పేవాడు."

ఎదుటి ఖాళీ కుర్చీ ఆల్డెన్‌కి గుర్తొచ్చింది.

"ఆయన పేరేంటమ్మా?"

"హోమర్ స్లోకమ్."

చీకటి పడుతుండగా అందరూ వెళ్ళాక, ఏటా ఎవరి చేతులు పడిపోవాలని తిట్టాడో ఆయనే చేతులు బారచాపి కొలిచిన తలుపుల్ని, డెల్ టోపీ తీసి, చప్పుడు కాకుండా మూశాడు.