ఒక్కసారి తడితే ఊ

“లోపల ఊపిరాడకపోతే ఎవరు జవాబుదారీ, నాయనా?”

ఆ తల్లి ఇంకా చెప్పులైనా విప్పకముందే అడిగింది. ఇనప మెట్లెక్కిన ఆయాసం తీరనే లేదు. గడ్డం మనిషి చేతుల మట్టిని ప్యాంటుకే తుడుచుకుని నవ్వాడు. అతను శిల్పాలు చేస్తాడు. అక్కడ అందరూ అతణ్ణి ‘గడ్డం’ అనే పిలుస్తారు.

“చెక్కలకి చిల్లులున్నాయి ఆంటీ. మీ అమ్మాయి కులాసాగానే ఉంది. ఇవాళ్టికి ఇరవై రెండో రోజు.”

అది ఒకప్పుడు సబ్బుల ఫ్యాక్టరీ. ఇప్పుడు ఇల్లు వదిలేసినవాళ్ళూ, ఉద్యోగం వదిలేసినవాళ్ళూ, స్నానం వదిలేసినవాళ్ళూ చేరి బొమ్మలు వేస్తున్నారు. మిట్టమధ్యాహ్నం ఇద్దరు నేలమీదే నిద్రపోతున్నారు. ఒకడు అరికాళ్ళకు నీలం రంగు పూసుకుని గోడమీద అడుగులు అద్దుతున్నాడు. తల ఒకవైపే గొరిగించుకున్న పిల్ల కుంచెలు కడుగుతోంది.

“క్షవరం మధ్యలో కరెంటు పోయిందా అమ్మా?” అంది తల్లి, నిజంగానే కంగారుపడి.

“లేదాంటీ, నాకే మధ్యలో విసుగొచ్చింది,” అంది సగంగుండు.

హాలు నడుమ చెక్కలతో కట్టిన గది ఉంది. అందులో కూతురు. ముప్పై రోజులు బయటికి రాదు, పెదవి విప్పదు. అదే ఆమె చేస్తున్న కళట. జనం వచ్చి గోడకు చెవి ఆనించి వెళుతుంటారట.

“నోరు విప్పితే?”

“అక్కడితో అయిపోయినట్టే. ఇన్నాళ్ళ కష్టమూ బూడిదలో పోసిన పన్నీరు. మీరు అడగండి, తను తడుతుంది. ఒక్కసారి తడితే ఊ, రెండుసార్లు తడితే ఊహూ.”

“ఊ కొట్టడమేగా! మా ఇంట్లో పాతికేళ్ళుగా నా పని అదే,” అంటూ ఆమె గది పక్కన చతికిలబడింది.

కింద వీధిలో కారు హారన్ మోగింది. ఆమె ఉలిక్కిపడింది. భర్త కారులోనే కూర్చున్నాడు. “దాన్ని తీసుకురాకుండా కిందికి దిగకు” అని చెప్పి పంపాడు. ఆయన మాటంటే ఇంట్లో గోడలు కూడా వింటాయి.

“అమ్మలూ, అన్నం తిన్నావా?”

టక్.

“కాళ్ళు చాపుకుని పడుకునే చోటుందా?”

టక్.

“బాత్రూమ్‌కో?”

“గదిలోంచే వెనక్కి దారుంది ఆంటీ,” అన్నాడు గడ్డం. “ఇది చెక్కపని చేసేవాళ్ళు కట్టారు, మేం కట్టలేదు. భయపడకండి.”

“చీకట్లో భయమేస్తోందా తల్లీ?”

టక్ టక్.

“మొదట్లో వేసిందా?”

టక్.

“ఎప్పటికి పోయింది?”

టక్ టక్ టక్.

తల్లి గాభరాగా తిరిగి చూసింది. “మూడంటే ఏంటి నాయనా? పిల్లకేమన్నా అయిందా?”

“మూడు రోజులకి పోయిందని చెబుతోందేమో.”

“మూడు రోజులేనా!” ఆమె కాసేపు ఆ అంకెనే పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి తలుపు అంచులు తడిమింది. “గడియ ఏదీ?”

“లోపలుంది ఆంటీ.”

“బయట లేదా?”

“బయటెందుకు?”

ఆమె తలుపును ఓసారి తోసి చూసింది. “పోనీ, ఎవరన్నా వచ్చి బలవంతాన తెరిపిస్తే?”

“ఎవరొచ్చినా ముందు మమ్మల్ని దాటాలి,” అంది సగంగుండు. “ఈ నీలంకాళ్ళవాడు మాత్రం పరిగెడతాడనుకోండి, జాడ తెలిసిపోతుంది.”

“కన్నతండ్రి వచ్చినా?”

“ఆయన గది కాదు కదా ఆంటీ,” అన్నాడు గడ్డం.

ఆమె గుండెమీద చెయ్యి వేసుకుంది. ఫోను మోగింది. రెండు చేతులతో చెవికి ఆనించుకుంది.

“ఊ... ఊ... ఒప్పుకుంటోందండీ... ఊ... అరవకండి, వచ్చేస్తాం... ఊ.”

“మీరూ బాగానే తడుతున్నారాంటీ,” అంది సగంగుండు. ఎవరూ నవ్వలేదు.

తల్లి మళ్ళీ చెక్కల దగ్గరికి జరిగింది. “నాన్న కిందే ఉన్నారమ్మా. ఇంటికొస్తావా?”

టక్ టక్.

ఆ రెండు దెబ్బలూ హాలంతా వినిపించాయి. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. మరీ నెమ్మదిగా, “ఎప్పటికీ రావా?” అంది.

టక్.

“అంటే... రానని ఊ కొట్టినట్టా, వస్తానని ఊ కొట్టినట్టా?” అని గడ్డాన్ని అడిగింది. అతను తల గోక్కున్నాడు. ఇరవై రెండు రోజుల్లో ఆ చిక్కు ఎవరికీ రాలేదు.

కారు తలుపు ధడేలుమంది. ఇనప మెట్లమీద బూట్ల చప్పుడు మొదలైంది. గడ్డం వెళ్ళి మెట్ల గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నిద్రపోతున్న ఇద్దరూ లేచి కూర్చున్నారు.

తల్లి నుదుటి చెమట కొంగుతో అద్దుకుంది. ఎక్కడ మూర్ఛపోతుందోనని సగంగుండు నీళ్ళగ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. ఆమె అందుకోలేదు. చిల్లుకు నోరు ఆనించి, కూతురికి మాత్రమే వినిపించేలా ఏదో అడిగింది.

లోపల్నుంచి ఒక్క దెబ్బా లేదు. రెండూ లేవు.

బూట్లు మొదటి మలుపు తిరిగాయి.

“తల్లీ, ఏదో ఒకటి కొట్టవే,” అంది తల్లి.

బూట్లు రెండో మలుపు తిరిగాయి. ఒక్క తట్టు తడితే చాలు, ముప్పై రోజులూ నిలుస్తాయి. కూతురు తట్టలేదు. లోపల గడియ కదిలింది. ఇరవై రెండు రోజులుగా వాడని గొంతు బొంగురుగా పలికింది.

“ఇద్దరికి చోటు చాలుతుంది, రా అమ్మా.”